ఎముక మోడల్‌లో చదరంగం గళ్ళు వస్తున్నాయి, దాని మీదే ఎలక్ట్రిక్ ఫీల్డ్ కూడా పెట్టమంటున్నారు

తొడఎముక అడిగారు:

అందరికీ నమస్కారం. బయోమెకానిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను ఎలా మార్చుకుంటుందో కంప్యూటర్‌లో చూపించడం నా పని.

తొడ ఎముక పైభాగాన్ని 2డీలో తీసుకుని నాలుగు నోడ్ల (మూల బిందువుల) ఎలిమెంట్లతో, అంటే నాలుగు మూలల చిన్న ముక్కలతో, మెష్ వేశాను. ఎలిమెంట్ సైజు సుమారు 1 మిల్లీమీటరు. మొదట అంతటా ఒకే డెన్సిటీ, ఘన సెంటీమీటరుకు 0.8 గ్రాములు. గట్టిదనానికి కార్టర్, హేస్ 1977లో ఇచ్చిన సూత్రాన్ని స్ట్రెయిన్ (తన కొలతలో ఎంత వంతు సాగింది, కుంగింది) రేటు వదిలేసి వాడుతున్నాను. డెన్సిటీని ఘనం చేసి 3790తో గుణిస్తే మాడ్యులస్ మెగాపాస్కల్స్‌లో వస్తుంది. డెన్సిటీని 1.74 దాటనివ్వడం లేదు, అంటే గరిష్ఠంగా 20 గిగాపాస్కల్స్ దగ్గర ఆగుతుంది. ప్రతి ఇటరేషన్‌లో (లెక్క ఒక్కో విడతలో) ఒక్కో ఎలిమెంట్ స్ట్రెయిన్ ఎనర్జీని (నొక్కినప్పుడు అందులో నిల్వయ్యే శక్తిని) దాని డెన్సిటీతో భాగించి, రిఫరెన్స్ కన్నా ఎక్కువుంటే డెన్సిటీ పెంచుతున్నాను, తక్కువుంటే తగ్గిస్తున్నాను.

మొదట్లో చాలా బాగా వస్తుంది. తుంటి బంతి నుంచి లోపలి వైపు గోడకు దిగే దట్టమైన దారి, బయటి వైపు నుంచి వంపు తిరిగి వచ్చే రెండో దారి, మధ్యలో వార్డ్ త్రికోణం (ఎముక మెడలో సహజంగా పలుచగా ఉండే చోటు) దగ్గర పలుచదనం, అన్నీ ఎక్స్‌రేలో చూసినట్టే ఉంటాయి. ఇంకా నడిపితే మాత్రం బొమ్మంతా చదరంగం బల్ల అయిపోతోంది. ఒక ఎలిమెంట్ నిండుగా, పక్కది ఖాళీగా. మెష్ చిన్నది చేస్తే గళ్ళూ చిన్నవవుతున్నాయి తప్ప పోవడం లేదు.

గైడ్ గారేమో పక్క ఎలిమెంట్లతో సగటు తీసేసి ఎలక్ట్రిక్ ఫీల్డ్ భాగం మొదలుపెట్టమంటున్నారు. ఎముక పీజోఎలక్ట్రిక్ (నొక్కితే విద్యుత్ ఛార్జ్ పుట్టేది) కాబట్టి ఆ గుణకాన్ని కలిపి, బయట కాయిల్‌తో పల్స్ ఇస్తే ఎముక ఎలా పెరుగుతుందో చూపించాలట. కిందిది కుదరకుండా పైన ఇంకోటి కట్టాలంటే టెన్షన్‌గా ఉంది. గళ్ళు ఎందుకొస్తున్నాయి? పీజో భాగాన్ని ఎక్కడ కలపాలి? ఒక ఇటరేషన్ అంటే ఎన్ని రోజులని రాయాలి?

---

స్ట్రెయిన్‌గేజ్ సమాధానం:

తొడఎముక గారూ, దయచేసి సగటు తీసి ముందుకు వెళ్ళకండి. ఈ గళ్ళ దగ్గర ఆగి ఆలోచించినవాళ్ళకే ఈ సబ్జెక్ట్ ఒంటబడుతుందని నా గట్టి నమ్మకం. చాలా ఏళ్ళుగా ఇలాంటి కోడ్‌లే రాస్తున్నాను. గళ్ళను ఫిల్టర్‌తో కప్పేసి కారణం ఒక్క ముక్క కూడా చెప్పని పేపర్ చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

మెష్ పక్కన పెట్టి రెండే రెండు ఎలిమెంట్లు తీసుకోండి. పక్కపక్కన నిలబెట్టి, పైన ఒకే గట్టి పలకతో రెంటినీ కలిపి నొక్కండి. ఒకదాని డెన్సిటీ 0.80, రెండోదానిది 0.82. రెండూ ఒకే మేర కుంగుతాయి, కాబట్టి స్ట్రెయిన్ ఒకటే. మాడ్యులస్ డెన్సిటీ ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండోది 7.7 శాతం ఎక్కువ గట్టిది, ఆ మేరకు ఎక్కువ భారం మోస్తుంది. మీరు ఎనర్జీని డెన్సిటీతో భాగిస్తున్నారు కదా, అప్పుడు మిగిలేది డెన్సిటీ వర్గం. అంటే డెన్సిటీలో తేడా రెండున్నర శాతమైతే దానికందే సంకేతంలో (ఆ భాగహారం ఫలితంలో) తేడా 5 శాతం. ఉన్నదానికే ఇంకా పెడుతున్నారు. తర్వాతి ఇటరేషన్‌లో అది ఇంకాస్త గట్టిపడి పక్కదాని భారం కూడా లాక్కుంటుంది. పక్కదానికి సంకేతం పడిపోతుంది. ఒకటి 1.74 తాకేదాకా, ఇంకోటి అడుగంటేదాకా ఇది ఆగదు.

ఇప్పుడు అవే రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కండి. ఇక్కడ స్ట్రెస్ (వైశాల్యం మీద పడే బలం) ఒకటే. సంకేతం డెన్సిటీ నాలుగో ఘాతానికి విలోమంగా పోతుంది. గట్టిదానికి తగ్గుతుంది, మెత్తదానికి పెరుగుతుంది, రెండూ ఒక విలువ దగ్గర కుదురుకుంటాయి. తొడ ఎముకలో ఈ రెండు అమరికలూ కలిసే ఉంటాయి. మొదట్లో మీకు వచ్చే అందమైన బొమ్మ సర్దుకునే గుణం చూపించేది. తర్వాత పక్కపక్క పోటీ గెలుస్తుంది.

కాబట్టి మీ కోడ్‌లో బగ్ లేదు. మీరు రాసిన నియమమే అలాంటిది. వైనాన్స్, హౌస్కెస్, గ్రోటెన్‌బూర్ 1992లో ఇదే చూపించారు: ఈ రకం సమీకరణంలో అంతటా సమంగా ఉండే పరిష్కారం నిలవదు. మాడ్యులస్ డెన్సిటీ మొదటి ఘాతంతోనే పెరిగితే పై లెక్కలో సంకేతాలు సమానమయ్యేవి, పోటీయే ఉండేది కాదు. ఘాతం అంతకు మించితే పోటీ మొదలవుతుంది. దీనికి తోడు, మూలలతో మాత్రమే అంటుకున్న గళ్ళను నాలుగు నోడ్ల ఎలిమెంట్ అసలు కన్నా గట్టివిగా లెక్కేస్తుంది. అందుకే ఆ పోటీ సరిగ్గా చదరంగం ఆకారంలోనే బయటపడుతుంది.

మరి నిజం ఎముక ఎందుకు ఇలా అయిపోదు? నాకు ఈ మొత్తం విషయంలో ప్రాణప్రదమైన ప్రశ్న ఇదే. ఎముకలో ఎక్కడ పెరగాలో ఎక్కడ తరగాలో చెప్పేది ఎలిమెంట్ కాదు, ఆస్టియోసైట్. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా అవే. గట్టి ఖనిజంలో చిన్న గూళ్ళలో కూర్చుని, సన్నని కాలువల గుండా పోగులు పంపి పక్క కణాలతో కలిసి ఉంటాయి. తన దగ్గరి స్ట్రెయిన్‌ని పసిగట్టి, పైపొర మీద పనిచేసే కణాలకు కబురు పంపుతాయి. అంటే ఒక చోట ఎముక పెరగడం ఆ చోటి సంకేతం ఒక్కదాని మీద ఆధారపడదు, చుట్టుపక్కల చాలా కణాల నుంచి వచ్చే కబుర్ల మొత్తం మీద ఆధారపడుతుంది. ముల్లెండర్, హౌస్కెస్ 1990ల మధ్యలో దీన్నే సమీకరణంలో పెట్టారు. సెన్సర్లను మెష్‌తో సంబంధం లేకుండా చల్లుతారు. ఒక్కో సెన్సర్ ప్రభావం దూరంతో పాటు ఎక్స్‌పోనెన్షియల్‌గా తగ్గుతుంది. ఎంత దూరానికి తగ్గాలో చెప్పే పొడవు ఒకటుంటుంది. గళ్ళు పోతాయి, మెష్ మార్చినా బొమ్మ మారదు.

పైకి ఇదీ సగటు లాగే కనిపిస్తుంది. తేడా అంతా ఆ పొడవులో ఉంది. మీ గైడ్ గారు చెప్పిన సగటులో పొడవు అంటే "పక్క ఎలిమెంట్". మెష్ మారితే అదీ మారిపోతుంది, జీవశాస్త్రం మీ మెష్ సైజుని బట్టి నడిచినట్టు అవుతుంది. సెన్సర్ పద్ధతిలో దాన్ని మిల్లీమీటర్లలో రాయాలి, ఎందుకు అంతో చెప్పుకోవాలి. డెన్సిటీని ఎలిమెంట్‌కి కాకుండా నోడ్‌కి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, 1995లో జేకబ్స్ బృందం చూపించింది. గళ్ళు దానితోనూ పోతాయి. అయినా నా ఓటు సెన్సర్లకే, ఎందుకంటే అందులో ఒక జీవకణానికి చోటుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 1 మిల్లీమీటరు మెష్‌లో వచ్చే సన్నని గీతల్ని చూసి "ట్రాబెక్యులాలు (ఎముక లోపలి జాలీలోని సన్నని కడ్డీలు) వచ్చాయి" అని ఎవరూ రాయకూడదు. అసలు ట్రాబెక్యులా మందం 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. మీరు వాడే డెన్సిటీ చాలా ట్రాబెక్యులాల మీద తీసిన సగటు, కొన్ని మిల్లీమీటర్ల మేర అయితేనే దానికి అర్థం. నిజంగా ట్రాబెక్యులాలే కావాలంటే మైక్రో సీటీ నుంచి అంత సన్నని మెష్ వేసుకోవాలి, ఎముక పైపొర మీద మాత్రమే పెరిగేలా, తరిగేలా నియమం రాసుకోవాలి. హౌస్కెస్ బృందం 2000లో నేచర్‌లో అలాంటి మోడల్ ఇచ్చింది. మీ పనికి అంత అక్కర్లేదు, పై స్థాయిలోనే ఉండండి, కానీ పై స్థాయిలో ఉన్నామని రాయండి.

ఇటరేషన్‌కి రోజులు కట్టకండి. ఒక చోట పాత ఎముకను తీసేయడానికి కొన్ని వారాలు, కొత్తది నింపడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. మీ సమీకరణంలో ఉన్న వేగం ఆ లెక్కతో కొలిచింది కాదు. కుదురుకున్న ఆకారం గురించి మాత్రమే మాట్లాడండి.

ఫీల్డ్ సంగతి వేరే రాస్తాను, అది తొందరగా తేలేది కాదు.

---

మూడులోడ్లు సమాధానం:

లోడ్ ఎన్ని దిక్కుల్లో ఇచ్చారో రాయలేదు. ఒక్క లోడే అయితే ఇంకో సమస్య కూడా ఉంది. బోప్రే, ఆర్, కార్టర్ 1990లో వాడిన మూడు లోడ్లు ఇప్పటికీ చాలామంది మొదలుపెట్టే చోటు: తుంటి బంతి మీద 2317 న్యూటన్లు 24 డిగ్రీల్లో, 1158 న్యూటన్లు మైనస్ 15 డిగ్రీల్లో, 1548 న్యూటన్లు 56 డిగ్రీల్లో. మొదటిది రోజుకు 6000 సార్లు, మిగతావి రెండేసి వేల సార్లు. ఒక్కోదానికీ కండరం లాగే బలం విడిగా ఉంటుంది: 703, 351, 468 న్యూటన్లు. కండరం వదిలేస్తే ఆ బయటి వంపు దారి సరిగా రాదు.

మూడింటినీ ఒకేసారి మీద పడేయకూడదు. విడివిడిగా సాల్వ్ చేసి, స్ట్రెస్‌ని నాలుగో ఘాతానికి పెంచి, సార్లతో గుణించి, కూడి, మళ్ళీ నాలుగో మూలం తీయడం వాడుక. దీనివల్ల ఎన్నిసార్లు అన్నదాని కన్నా ఎంత గట్టిగా అన్నదానికే ఎక్కువ బరువు దక్కుతుంది.

---

స్ట్రెయిన్‌గేజ్:

మూడులోడ్లు గారు చెప్పిన ఆఖరి మాటకు ప్రయోగం తోడుంది. రూబిన్, లాన్యన్ 1984లో కోడిజాతి పక్షుల రెక్క ఎముక మీద చేసిన పనిలో రోజుకు 4 సార్లు లోడ్ ఇస్తే ఎముక తగ్గకుండా నిలిచింది, 36 సార్లు ఇస్తే పెరిగింది, 1800 సార్లు ఇచ్చినా 36కి మించి లాభం కనిపించలేదు. కదలకుండా అలాగే మోపి ఉంచిన బరువుకు ఎముక పెరగదు. కాబట్టి మీరు స్టాటిక్‌గా సాల్వ్ చేస్తున్నా, ఆ లోడ్ ఊగే లోడ్‌కి గరిష్ఠం అని థీసిస్‌లో రాసి పెట్టండి.

---

ప్లాస్టర్‌కట్టు సమాధానం:

నేను ఆర్థోపెడిక్ సర్జన్‌ని, లెక్కలు నా పని కాదు. అయినా ఈ రకం మోడళ్ళ మీద నాకు గౌరవం ఉంది. హౌస్కెస్ వాళ్ళు 1987లో ఈ నియమాన్ని వాడిందే కృత్రిమ తుంటి కోసం. కోబాల్ట్ క్రోమ్ రాడ్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్స్ పైన, టైటానియం సుమారు 110, దట్టమైన ఎముక 20 లోపు. రాడ్ లోపల దిగగానే భారం అది మోసేస్తుంది. పైన లోపలి వైపున్న ఎముకకు పని తగ్గుతుంది, కొన్నాళ్ళకు ఎక్స్‌రేలో అక్కడే పలచబడుతుంది. మేం దాన్ని గ్రూయెన్ ఏడో జోన్ అంటాం. ఇది నేను క్లినిక్‌లో కళ్ళారా చూసేది. మీ మోడల్ రాడ్ పెట్టకముందు ఎంత అందంగా ఉన్నా, రాడ్ పెట్టాక ఏడో జోన్‌లో ఎముక తగ్గకపోతే నేను నమ్మను. ఆ పరీక్ష పెట్టండి.

ఫీల్డ్ గురించి ఒక్క విన్నపం. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ అతకని విరుగుళ్ళకు పల్స్ అయస్కాంత క్షేత్రాన్ని 1979లోనే అనుమతించింది. తక్కువ తీవ్రత అల్ట్రాసౌండ్‌ని తాజా విరుగుళ్ళకు 1994లో అనుమతించింది: 1.5 మెగాహెర్ట్జ్, చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్లు, రోజుకు 20 నిమిషాలు. ఆ అల్ట్రాసౌండ్ మీదే 2016లో ట్రస్ట్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది. కాలి పెద్ద ఎముక విరిగి ఆపరేషన్ అయిన 501 మందిలో పరికరం వాడినవాళ్ళు, డమ్మీ వాడినవాళ్ళు ఒకేలా కోలుకున్నారు. పరికరం కొనమంటారా అని అడిగే పేషెంట్ ముందు కూర్చునేది మేం. కంప్యూటర్ బొమ్మలో ఎముక ఎర్రగా పెరిగినట్టు చూపిస్తే, ఆ బొమ్మ రేపు ఒక బ్రోషర్‌లో ఉంటుంది. అందుకని జాగ్రత్తగా రాయండి.

---

తొడఎముక:

అందరికీ చాలా థాంక్స్. రెండు ఎలిమెంట్ల లెక్క కాగితం మీద వేసి చూశాను, అచ్చం అలాగే పోయింది. గైడ్ గారికి చూపిస్తే సెన్సర్లు పెట్టడానికి ఒప్పుకున్నారు. స్ట్రెయిన్‌గేజ్ గారూ, పీజో గుణకం ఇక్కడ కలపాలా, మొత్తానికి వద్దంటారా?

---

స్ట్రెయిన్‌గేజ్:

కలిపే ముందు దాని సైజు ఎంతో చూద్దాం.

ఫుకడా, యసుడా 1957లో ఎముక పీజోఎలక్ట్రిక్ అని చూపించింది ఎండిన ఎముకలో. గుణకం న్యూటన్‌కి 0.2 పికోకూలంబ్‌ల స్థాయి, అంటే క్వార్ట్జ్‌లో పదో వంతు. నడిచేటప్పుడు 10 మెగాపాస్కల్స్ షియర్ (పొరల్ని పక్కకు జరిపే ఒత్తిడి) పడిందనుకోండి, ధారాళంగానే ఇచ్చాను. చదరపు మీటరుకు 2 మైక్రోకూలంబ్‌ల ఛార్జ్ వస్తుంది. కానీ ఒంట్లోని ఎముక తడిగా ఉంటుంది, కండక్టివిటీ మీటరుకు 0.02 సీమెన్స్ దరిదాపుల్లో. అడుగు సెకనుకు ఒకటి. ఆ వేగంలో మారే ఛార్జ్ పుట్టించే కరెంట్ చదరపు మీటరుకు సుమారు 12.6 మైక్రోఆంపియర్లు. కండక్టివిటీతో భాగించండి, ఫీల్డ్ మీటరుకు 0.6 మిల్లీవోల్ట్ వస్తుంది. చికిత్స కాయిల్ ఎముకలో పుట్టించే ఫీల్డ్ మీటరుకు 100 మిల్లీవోల్టుల స్థాయి. తడి ఎముకను వంచితే నిజంగా కొలవగలిగే వోల్టేజ్ వేరే చోటు నుంచి వస్తుంది: కాలువల్లోని ద్రవం కదిలి, దానితో పాటు అయాన్లు కొట్టుకుపోవడం నుంచి. స్ట్రీమింగ్ పొటెన్షియల్ అంటాం.

ఈ ద్రవం సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన చోటు. మామూలు పనుల్లో ఎముక స్ట్రెయిన్ 2000 మైక్రోస్ట్రెయిన్ దాటడం అరుదు, అంటే 0.2 శాతం. కణాలను గిన్నెలో పెంచి సాగదీస్తే అవి స్పందించడానికి 1 శాతం, అంతకన్నా ఎక్కువ కావాలి. ఆ 1 శాతం ఎముకకు నిత్యం పడితే విరగడానికి దగ్గరపడుతుంది. మరి కణానికి ఎలా తెలుస్తోంది? వైన్‌బామ్, కౌవిన్, జెంగ్ 1994లో ఇచ్చిన జవాబు ద్రవం. ఎముక కొంచెం వంగినా కాలువల్లో ద్రవం అటూ ఇటూ పోతుంది, కణం పోగుల మీద 0.8 నుంచి 3 పాస్కల్స్ షియర్ పడుతుందని వాళ్ళ లెక్క. అదే కణాలు గిన్నెలో ఆ స్థాయి ప్రవాహానికి బాగా స్పందిస్తాయి. బియో పోరోఎలాస్టిసిటీ (ద్రవం నిండిన రంధ్రాలున్న పదార్థం వంగే తీరు చెప్పే సిద్ధాంతం) సమీకరణాలతో ఇది లెక్కేయొచ్చు. లోడ్ ఊగాలి, మోపి ఉంచితే చాలదు అన్న ప్రయోగ ఫలితం కూడా ఇందులోంచి సహజంగా వస్తుంది, ఎందుకంటే బరువు కదలకపోతే ద్రవం ఆగిపోతుంది. విద్యుత్తు ఈ కథలో ఉంది, కానీ ప్రవాహానికి వెంట వచ్చేదిగా.

అందుకని పీజో గుణకాన్ని లోడ్ భాగంలో వదిలేయండి. పై లెక్కను థీసిస్‌లో పెట్టి ఎందుకు వదిలారో చెప్పండి. ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

కాయిల్ భాగం వేరు, దాన్ని పద్ధతిగా చేయొచ్చు. ఈ ఫ్రీక్వెన్సీల్లో క్వాసీస్టాటిక్ (తరంగాలుగా పాకడాన్ని వదిలేసే లెక్క) చాలు. కాయిల్ నుంచి వెక్టర్ పొటెన్షియల్ (అయస్కాంత క్షేత్రాన్ని ఇచ్చే రాశి), అది మారే వేగం నుంచి ప్రేరిత ఫీల్డ్, కణజాలాల్లో కరెంట్ ఎక్కడా పోగుపడకుండా ఉండేలా స్కేలార్ పొటెన్షియల్ (మామూలు వోల్టేజ్). కండక్టివిటీలే ఇక్కడ ప్రాణం. కండరం దట్టమైన ఎముక కన్నా పది రెట్లకు పైగా కరెంట్ పోనిస్తుంది. విరిగిన సందులోని మెత్తటి కణజాలం కూడా ఎముక కన్నా బాగా పోనిస్తుంది. కాబట్టి సందు వెడల్పు, కాయిల్ ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్నవి ఫలితాన్ని బాగా మారుస్తాయి. అది చూపించడమే మంచి అధ్యాయం.

ఫీల్డ్ ఇంత ఉంటే ఎముక ఇంత పెరుగుతుంది అని చెప్పే ఒప్పుకున్న నియమం మాత్రం లేదు. మీ సంకేతంలో ఫీల్డ్‌కి ఒక పదం చేర్చవచ్చు, దాని గుణకం తెలియనిదని రాయండి. సున్నా నుంచి మొదలుపెట్టి మార్చుకుంటూ పోయి, ఎంత ఉంటే ఆకారం కనిపించేలా మారుతుందో చూపించండి. ఒక ఫలితానికి ఆ గుణకాన్ని అమర్చి, అదే ఫలితాన్ని చూపించి మోడల్ రుజువైందనకండి. డాక్టర్ గారు చెప్పిన బ్రోషర్ భయం నాకూ ఉంది.

---

తొడఎముక:

అర్థమైంది, థాంక్స్ అండీ. ఒక్క సందేహం. కాయిల్ కాలికి బయట ఉంటుంది కదా, చుట్టూ ఉన్న గాలిని కూడా మెష్ చేయాలా? 3డీలో మెమరీ సరిపోవడం లేదు.

---

స్ట్రెయిన్‌గేజ్:

అక్కర్లేదు. కణజాలాలు అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు కదిలించవు. కాయిల్ తీగను చిన్న ముక్కలుగా తీసుకుని, గాలిలో ఉన్నట్టే ఒక్కో ముక్క నుంచి వచ్చే వెక్టర్ పొటెన్షియల్‌ని మెష్ నోడ్ల దగ్గర కూడండి. స్కేలార్ పొటెన్షియల్‌ని కాలి లోపల మాత్రమే సాల్వ్ చేయండి. చర్మం దగ్గర బయటికి కరెంట్ పోదు అన్నదే బౌండరీ కండిషన్. ప్రేరిత ఫీల్డ్ పదాన్ని ఆ కండిషన్‌లో కూడా చేర్చాలి, చాలా కోడ్‌లలో ఇది జారిపోతుంది.

కాలు పెట్టే ముందు ఒకే కండక్టివిటీ ఉన్న సిలిండర్ మీద నడపండి. అక్షం వెంట సమమైన క్షేత్రం 200 మైక్రోసెకన్లలో 2 మిల్లీటెస్లా పెరిగితే, అక్షం నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఫీల్డ్ మీటరుకు 0.25 వోల్టులు రావాలి, అక్షం మీద సున్నా. అది వచ్చాక మెష్ సైజు సగం చేసి ఇంకోసారి చూడండి, తర్వాతే కండరం, ఎముక కండక్టివిటీలు పెట్టండి.